చదివి పెట్టొద్దు, పంపండి

మా ఇంట్లో లెక్కల పుస్తకం పెళ్లయిన దగ్గర్నుంచీ నా చేతిలోనే ఉంది. పాలు, గ్యాసు, చీటీ, అత్తమ్మ మందులు, అమ్మాయి ఫీజు, పండక్కి పెట్టుబడి చీరలు... ఏ నెలలో దేనికి ఎంత పోయిందో నన్ను అడగాల్సిందే. మావారు ఆర్టీసీలో పని చేస్తారు. జీతం పడగానే "ఇంక నీ ఇష్టం" అనేసి నిశ్చింతగా ఉంటారు. అందరాడవాళ్లకీ ఉండేదే ఈ గొప్ప, కాకపోతే నాది కాస్త ఎక్కువ.

చిన్నప్పటి నుంచీ నాకు రేచీకటి ఉంది. సాయంత్రమైతే గుమ్మం తట్టుకునేదాన్ని, ఇంట్లోవాళ్లు పరధ్యానం అనేవారు. పెళ్లయిన నాలుగో ఏట డాక్టరు దాని పేరు చెప్పారు, రెటినైటిస్ పిగ్మెంటోసా. చూపు అంచుల నుంచి లోపలికి ముడుచుకుంటూ వస్తుంది. ముందు పక్కనున్నవి పోతాయి, తర్వాత ఎదురుగా ఉన్నవీ పోతాయి. నోట్ బుక్కులో గీతలు కనపడక పాల లెక్క మీద గ్యాసు లెక్క రాసేసిన రోజున మొదటిసారి ఏడ్చాను. ఇప్పుడు వెలుతురుకీ చీకటికీ తేడా మాత్రం తెలుస్తుంది.

కంటి ఆసుపత్రి పునరావాస విభాగంలో కంప్యూటర్ నేర్పుతారని తెలిసి వెళ్లి నేర్చుకున్నాను. అక్కడే ఎన్‌వీడీఏ పరిచయమైంది. స్క్రీన్ మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అది. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపులేని యువకుడు 2006లో మొదలుపెట్టాడు, తర్వాత ఆయనలాంటి వాడే జేమ్స్ టే తోడయ్యాడు. డబ్బులు కట్టక్కర్లేదు, ఎవరైనా దించుకోవచ్చు. లెక్కల పుస్తకం ఎక్సెల్‌లోకి మారింది, మళ్లీ నా చేతికొచ్చింది. అలవాటయ్యాక గొంతు వేగం పెంచుకున్నాను. ఆ వేగంలో వినేవాళ్లకి ఎవరో గొణుగుతున్నట్టు ఉంటుంది. అందుకే మా అత్తమ్మ దానికి "గొణుగుడాయన" అని పేరు పెట్టింది. "ఏమే, నీ గొణుగుడాయన ఇంకా పండుకోలేదా?" అంటుంది రాత్రిళ్లు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, కిందటేడు మా అమ్మాయి ఎంసెట్ కౌన్సెలింగ్ అప్పుడు జరిగింది రాయాలని. పేరు ఈఏపీసెట్ అయినా మా ఇంట్లో ఎంసెటే.

అమ్మాయికి పదహారు వేల పైచిలుకు ర్యాంకు వచ్చింది. దానికి ఈసీఈ అంటే ఇష్టం. పదో తరగతి సెలవుల్లో మా అక్క కూతురితో హైదరాబాద్‌లో ఒక కాలేజీ ఫెస్ట్‌కి వెళ్లొచ్చి, మూడు రోజులు దాని గురించే మాట్లాడింది. ల్యాబులట, పిల్లలు చేసిన రోబోలట, క్యాంటీన్‌లో సమోసాలట. ఆ తర్వాత ఏడాదికి, దసరా ముందు, నాకు మిగిలిన ఆ కాస్త చూపూ పోయింది. అప్పట్నుంచి అది ఆ కాలేజీ పేరు ఎత్తలేదు. నేనూ గమనించలేదు. చదువు ఒత్తిడి అనుకున్నాను.

పిల్లలు కౌన్సెలింగ్‌కి వెళ్లిన ఇళ్లలో తెలిసే ఉంటుంది, ర్యాంకు వచ్చాక ఇంట్లో అందరూ తిరిగేది ఒకే ఒక్క పట్టిక చుట్టూ. పోయినేడు ఏ కాలేజీలో, ఏ బ్రాంచిలో, ఏ కేటగిరీలో చివరి సీటు ఎంత ర్యాంకుకి వచ్చిందో చూపించే పట్టిక. కాలేజీ కోడు, పేరు, ఊరు, బ్రాంచి, ఆ తర్వాత ఓసీ అబ్బాయిలు, ఓసీ అమ్మాయిలు, బీసీ-ఏ అబ్బాయిలు, బీసీ-ఏ అమ్మాయిలు... అలా సాగి సాగి చివర ఫీజు. దాన్ని చూసుకుని వెబ్ ఆప్షన్లు వరసగా పెట్టుకోవాలి. వరస చాలా ముఖ్యం. పైన పెట్టినది మన ర్యాంకుకి వస్తే కింద ఉన్నవాటిని ఇక చూడరు.

మావారి స్నేహితుడు ఆ పట్టికని వాట్సాప్‌లో ఫోటోలు తీసి పంపాడు. ఫోటో అంటే నాకు అంతే, "ఇమేజ్" అని చెప్పి గొణుగుడాయన ఊరుకుంటాడు. మావారు రాత్రి భోజనాలయ్యాక పక్కన కూర్చుని, "నేను చదువుత, విను" అన్నారు. హనుమకొండ, వరంగల్, కరీంనగర్ కాలేజీలు ఒక్కొక్కటే చదివారు. ఫోన్ తెర మీద వేలు జరిగే చప్పుడు వినిపిస్తూనే ఉంది, కానీ మాట ఆగింది.

"హైదరాబాద్‌వి?" అన్నాను.

"అవి మనకు అందనియే. చదివినా లాభం లేదు."

మర్నాడు అమ్మాయిని అడిగాను. "హైదరాబాద్‌ల మంచి కాలేజీల ఈసీఈ అంత పది వేల లోపలనే క్లోజ్ అయిందమ్మా" అంది. తండ్రీ కూతుళ్లు ఒకే మాట చెప్పారు కదా అని ఊరుకోవచ్చు. కానీ నాకు ఒక అలవాటుంది. చీటీ పాట లెక్కయినా సరే, ఎవరో చదివి వినిపిస్తే తృప్తి ఉండదు, నేనే ఒకసారి చూసుకోవాలి. పైగా ఏది ముందు, ఏది తర్వాత అని పేర్చాలంటే పట్టిక నా ఎక్సెల్‌లో ఉండాలి. "ఆ పట్టిక నాకు పంపు" అన్నాను. అమ్మాయి పీడీఎఫ్ పంపింది.

పీడీఎఫ్ తెరిస్తే అంకెల వాన. కాలేజీ పేరు రెండు లైన్లలో ఉంటే సగం పేరు ఇక్కడ, సగం పేరు అంకెల తర్వాత. వదిలేసి, అదే పట్టిక వెబ్ పేజీగా ఉన్నచోటు వెతికి పట్టుకున్నాను. అక్కడ 'టి' నొక్కితే ఎన్‌వీడీఏ పట్టిక మొదటికి తీసుకెళ్లి చెప్పింది, 638 అడ్డు వరుసలు, 26 నిలువు వరుసలు అని.

పట్టిక చూడటంలో మీకూ నాకూ ఉన్న తేడా ఇక్కడ చెప్పాలి. మీరు పేజీ తెరవగానే మొత్తం ఒక్కసారి చూస్తారు. పైన శీర్షికలు, పక్కన పేర్లు, మధ్యలో అంకెలు. కన్ను ఎటు కావాలంటే అటు దూకుతుంది. నేను ఒక్కో గడిలోకి వెళ్లి వినాలి. కంట్రోల్, ఆల్ట్ పట్టుకుని బాణం కీలు నొక్కితే కుడికి, ఎడమకి, పైకి, కిందకి ఒక్కో గడి జరుగుతాను. నేనున్న గడి తప్ప మిగతా పట్టికంతా ఆ క్షణానికి నాకు లేనట్టే. కాబట్టి నేనెక్కడున్నానో మనసులో పట్టుకుని ఉండాలి. 26 నిలువు వరుసల్లో బీసీ-డి అమ్మాయిల వరుస ఒకటి. దాన్ని పట్టుకుని 638 గడులు దిగాలంటే ఎక్సెల్‌లో ఫిల్టర్ పెట్టుకోవడమే దారి.

మొత్తం పట్టేశాను, కంట్రోల్ సి నొక్కాను, "కాపీడ్ టు క్లిప్‌బోర్డ్" అన్నాడు. ఎక్సెల్‌లో అతికించాను. ఆ అతికించిన దాన్ని ఎలా చెప్పను? పోపుల డబ్బా ఉంటుంది కదా, ఆవాలు ఒక గిన్నెలో, జీలకర్ర ఒక గిన్నెలో, మెంతులు, పసుపు, ఎండుమిర్చి, దేని గిన్నె దానికే. దాన్ని ఎత్తి పళ్లెంలో బోర్లించినట్టయింది. గడులన్నీ పోయి, 26 నిలువు వరుసల సరుకంతా ఒకే నిలువు వరుసలో ఒకదాని కింద ఒకటి పడింది. కాలేజీ కోడు, కింద పేరు, కింద ఊరు, కింద బ్రాంచి, కింద అంకె, అంకె, అంకె... వేల గడులు, అన్నీ 'ఏ' కాలమ్‌లోనే. గింజ ఒక్కటీ పోలేదు, కానీ ఏ గిన్నెలోది ఏదో తెలియదు.

ఎందుకిలా అయిందో తర్వాత తెలిసింది. స్క్రీన్ రీడర్ వెబ్ పేజీని మనకి వినిపించడానికి లోపల తనదైన ఒక నకలు రాసుకుంటుంది. అందులో ఒక్కో గడీ ఒక్కో లైను. మనం కాపీ చేసేది ఆ నకలునే. అందులో మాటలుంటాయి, గిన్నెలుండవు. మౌస్‌తో పట్టి కాపీ చేసేవాళ్లకి ఈ గొడవ లేదు, వాళ్లది అసలు పేజీ నుంచి గడులతో సహా వస్తుంది. ఒకే పేజీ, ఒకే కంట్రోల్ సి. వాళ్లకి పట్టిక వస్తుంది, నాకు జాబితా వచ్చింది.

అప్పటికి నాకు అది తెలియదు కాబట్టి నా పద్ధతిలో నేను సర్దబోయాను. ప్రతి 26 గడులనీ ఒక వరుసగా పేర్చే ఫార్ములా ఒకటి ఉంది. క్లాసులో నేర్పిందే. మధ్యాహ్నమంతా కూర్చుని పెట్టాను. పట్టిక నిలబడింది. అబ్బ, ఎంత సంతోషమో! పైన పది వరుసలు విన్నాను, చక్కగా ఉన్నాయి. ఫిల్టర్ పెట్టి, మా ఊరికి దగ్గర్లోని ఒక కాలేజీ ఈసీఈకి బీసీ-డి అమ్మాయిల చివరి ర్యాంకు పాతిక వేలని విని, "ఇది ఖాయంగా వస్తుంది, దీన్ని కాస్త కిందకి పెట్టొచ్చు" అని రాసుకున్నాను కూడా.

సాయంత్రం పొయ్యి మీద పప్పు పెట్టి, చెవిలో ఇయర్‌ఫోన్‌తో ఆ నిలువు వరుసే కిందకి వింటూ పోతున్నాను. ర్యాంకు, ర్యాంకు, ర్యాంకు... ఉన్నట్టుండి "జేఎన్‌టీయూహెచ్" అన్నాడు. ర్యాంకు ఉండాల్సిన గడిలో యూనివర్సిటీ పేరు! నా గుండె జారింది. వెనక్కి వెళ్లి విన్నాను. కొన్ని కాలేజీల్లో కొన్ని కేటగిరీలకి సీటు ఎవరికీ పడలేదు, ఆ గడులు పేజీలో ఖాళీగా ఉన్నాయి. ఆ ఖాళీలు నా కాపీలోకి రాలేదు. ఖాళీ పోగానే దాని తర్వాతవన్నీ ఒక్కో గడి ముందుకి జరిగాయి. అబ్బాయిల అంకె అమ్మాయిల గడిలోకి, ఒక కాలేజీ ఫీజు మరో కాలేజీ ర్యాంకులోకి. నేను ఖాయం అనుకున్న ఆ పాతిక వేలు కూడా పక్క కేటగిరీ వాళ్లదే.

స్టవ్ కట్టేసి కూర్చున్నాను. కనపడేవాళ్లకైతే అంకెల మధ్య ఆ పేరు కొట్టొచ్చినట్టు కనిపించేది. నాకు ఆ గడి దాకా నడిస్తే గానీ తెలియదు. నడవకుండా ఉండుంటే? నా లెక్క మీద నమ్మకంతో అమ్మాయి ఆప్షన్లు తారుమారు అయ్యేవి. 'వాళ్లే చూసుకుంటారులే, నాకెందుకు' అని ఆ పూట నిజంగా అనిపించింది. చాలా ఏళ్లుగా నేను భయపడుతున్న మాట అది. లెక్కల పుస్తకం మొదలుకొని ఒక్కోటీ అలాగే కదా చేజారేది.

రాత్రి నాతో పాటు కంప్యూటర్ నేర్చుకున్న స్నేహితురాలికి ఫోన్ చేశాను. ఆమె బ్యాంకులో పని చేస్తుంది, పుట్టుకతోనే చూపు లేదు. నేను చెప్పిందంతా విని నవ్వి, "ఇంకా పాత పద్ధతిలోనే ఉన్నారా? మీ ఎన్‌వీడీఏ ఎప్పటిది?" అంది. 2024లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచి ఒక సౌకర్యం పెట్టారట. ఫైర్‌ఫాక్స్‌లో పేజీ తెరిచి, ఇన్సర్ట్, షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కాలి. అప్పుడు మనం పట్టేది స్క్రీన్ రీడర్ నకలుని కాదు, ఫైర్‌ఫాక్స్‌లో ఉన్న అసలు పేజీని. కంట్రోల్ సి నొక్కితే కాపీ చేసేది కూడా ఫైర్‌ఫాక్సే. గడులు గడులుగానే వస్తాయి, ఖాళీలతో సహా.

"ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఈ పద్ధతిలో కాపీ అయిందని ఎన్‌వీడీఏ చెప్పదు. ఏమీ వినపడదు. భయపడి మళ్లీ మళ్లీ నొక్కకండి" అంది.

అలాగే చేశాను. కొత్త వెర్షన్ దించుకుని, ఫైర్‌ఫాక్స్ తెరిచి, 'టి'తో పట్టిక మొదటికి వెళ్లి, ఆ మూడు కీలు నొక్కి, కంట్రోల్ షిఫ్ట్ ఎండ్‌తో పేజీ చివరిదాకా పట్టి, కంట్రోల్ సి నొక్కాను. నిశ్శబ్దం. ప్రతిదానికీ మాట వినడం అలవాటైన దాన్ని, ఆ నిశ్శబ్దం ఎంత ఇబ్బందిగా ఉందో. ఎక్సెల్ తెరిచి అతికించాను. 'ఏ1'లో కోడు. కుడి బాణం నొక్కాను. 'బి1'లో పేరు. 'సి1'లో ఊరు. ఎవరి గిన్నెలో వాళ్లు!

ఒకసారి దెబ్బతిన్నాక ఊరికే నమ్ముతామా? పట్టిక కింద పేజీలో ఉన్న చెత్త కూడా వచ్చింది, ముందు అది తీసేశాను. పేజీ చెప్పింది 26 నిలువు వరుసలు, అంటే ఎక్సెల్‌లో సరిగ్గా 'జెడ్' దగ్గర ఆగాలి. అడ్డంగా చివరికి వెళ్లాను, 'జెడ్'. నిలువుగా చివరికి వెళ్లాను, 638. మొదట్లో ఒక వరుస, నడుమ మూడు, చివర్లో ఒకటి పేజీలోనూ ఎక్సెల్‌లోనూ పక్కపక్కన విన్నాను. ఖాళీలున్న వరుసలే ఏరి విన్నాను. సరిపోయాయి. తర్వాత 'ఏ1'లో నిలబడి ఇన్సర్ట్, షిఫ్ట్, సి నొక్కాను. ఇలా చేస్తే శీర్షికల వరుస ఏదో ఎన్‌వీడీఏ గుర్తుపెట్టుకుని, ఏ నిలువు వరుసలోకి మారినా ముందు దాని పేరు చెప్పి తర్వాత అంకె చెప్తుంది. నేనెక్కడున్నానో మనసులో మోయక్కర్లేదు.

బ్రాంచి దగ్గర ఈసీఈ అని, బీసీ-డి అమ్మాయిల దగ్గర మా అమ్మాయి ర్యాంకు కంటే పెద్ద అంకెలు మాత్రమే అని ఫిల్టర్ పెట్టాను. ఇల్లంతా పడుకుంది. ఒక్కొక్కటే వింటున్నాను. హనుమకొండ. వరంగల్. కరీంనగర్. తర్వాత హైదరాబాద్. ఇంకోటి హైదరాబాద్. ఆ తర్వాత ఆ కాలేజీ. రోబోలు, సమోసాలు ఉన్న కాలేజీ. పోయినేడు చివరి ర్యాంకు పందొమ్మిది వేల పైన.

మళ్లీ విన్నాను. పేజీలోకి వెళ్లి విన్నాను. తప్పు లేదు.

వాళ్లిద్దరూ నాతో అబద్ధం చెప్పారు. ముందు కోపం వచ్చింది, రాలేదంటే అది ఇంకో అబద్ధం అవుతుంది. కళ్లు లేవని కదా ఈ ధైర్యం అనుకున్నాను. మెల్లగా రెండో సంగతి అర్థమైంది. తండ్రీ కూతుళ్లు కూడబలుక్కున్నారనుకున్నాను గానీ, అదీ కాదు. ఎవరికి వాళ్లే ఆ వరుసలు దాటేశారు. అమ్మాయి హాస్టల్‌కి పోతే మావారు డ్యూటీకి వెళ్లాక పన్నెండు గంటలు నేనొక్కదాన్నే. అత్తమ్మ ఉండేది ఆర్నెల్లు ఇక్కడ, ఆర్నెల్లు మా మరిది దగ్గర. అది ఇద్దరికీ తెలుసు. దాని పేరు ఎత్తకుండా, ఇద్దరూ పట్టికలో ఒకే చోట వేలు జరిపేశారు. ఆ చోట ఉన్నది నేను.

పొద్దున దోశలు పోస్తుండగా ఇద్దరూ బల్ల దగ్గర ఉన్నారు. ల్యాప్‌టాప్ తెచ్చి పెట్టి, ఇయర్‌ఫోన్ తీసేసి, గొంతు వేగం బాగా తగ్గించాను. ఆ వరుస మీద నిలబడి కుడి బాణం నొక్కుతూ పోయాను. కాలేజీ పేరు. ఊరు. బ్రాంచి. బీసీ-డి అమ్మాయిలు. అంకె. గొణుగుడాయన మొదటిసారి ఇంట్లో అందరికీ అర్థమయ్యేలా మాట్లాడాడు.

ఎవరూ మాట్లాడలేదు. పెనం మీద దోశ మాడిన వాసన వచ్చింది. అత్తమ్మే వెళ్లి తీసింది.

"నువ్వొక్కదానివే ఎట్ల ఉంటవ్?" అన్నారు చివరికి మావారు, చిన్నగా.

"ఎట్ల ఉండాలో అది నేను చూసుకుంటా. నా పేరు చెప్పి దాని ఆప్షన్లు తగ్గించొద్దు" అన్నాను.

"నాన్న కాదమ్మా, నేనే వద్దనుకున్న" అంది అమ్మాయి. ఏడుస్తోందని గొంతులో తెలిసింది.

"వద్దనుకో. నీ ఇష్టం. కానీ తెలిసి వద్దనుకోవాలె, నాకు తెలియకుండ కాదు. నీకు అక్కర్లేకపోతే కింద పెట్టు, నాకోసమైతే పైన పెట్టు."

వెంటనే ఒప్పుకున్నారని చెప్పను. రెండు రోజులు వాదనలు నడిచాయి. అత్తమ్మ "నా కొడుకును కన్నప్పుడు నాకెవరున్నరు" అని పాత కథ తీసింది. ఆమె ఎవరి పక్షమో చివరిదాకా తేలలేదు గానీ, "చిన్నోడి దగ్గరికి ఈసారి ఆలస్యంగా పోతలే" అని మాత్రం అంది. స్టవ్ నాబుల మీద చేతికి తగిలేలా బొట్టుబిళ్లల్లాంటి చుక్కలు అతికించుకున్నాం. పక్కింటావిడ రోజుకోసారి తలుపు తడతానంది. ఆప్షన్ల వరస నేనూ అమ్మాయీ కలిసి ఎక్సెల్‌లో పేర్చాం. ఆ కాలేజీ ఈసీఈ మొదటిది.

పోయినేడు చివరి ర్యాంకు ఈ ఏడు అలాగే ఉండాలని రూలేమీ లేదు. మొదటి విడతలో అది రాలేదు, మా ఊరి కాలేజీ వచ్చింది. మావారి గొంతులో సంతోషం దాచుకోలేకపోయారు, నేనూ లోపల్లోపల కాస్త కుదుటపడ్డాను. ఇది కూడా రాయకపోతే తప్పవుతుంది. రెండో విడతలో అదే వచ్చింది.

దాన్ని హాస్టల్‌లో దింపి వచ్చిన రాత్రి ఇల్లు చాలా పెద్దగా అనిపించింది. ఏ గదిలోనూ చప్పుడు లేదు. కాపీ అయ్యాక వచ్చే ఆ నిశ్శబ్దం లాంటిదే, అయిందో లేదో తెలియదు. మెల్లగా అలవాటైంది.

మీ ఇంట్లో నాలాంటి వాళ్లెవరైనా ఉంటే, మీరు రోజూ ఎంత సాయం చేస్తున్నారో నాకు తెలుసు. ఒక్క మాట మాత్రం అడుగుతాను. లెక్కయినా, మెడికల్ రిపోర్టయినా, బ్యాంకు స్టేట్‌మెంటయినా చదివి వినిపించడంతో ఆపకండి. ప్రేమ ఉన్నవాళ్లు చదివేటప్పుడు కొన్ని వదిలేస్తారు. బాధపడతామని ఒకటి, భయపడతామని ఒకటి, విసుగొస్తుందని ఒకటి. ఆ వదిలేసినవి మాకు ఎప్పటికీ తెలియవు. కాగితాన్ని మాకు పంపండి. ఫోటోగా వద్దు. ఎక్సెల్ ఫైలుగా దొరికితే అదే పంపండి, అప్పుడీ కాపీల తంటాయే ఉండదు. వెబ్ పేజీ అయితే లింకు పంపండి, మిగతాది మేం చూసుకుంటాం. కాస్త ఆలస్యమవుతుంది, అంతే.

మొన్న అమ్మాయి హాస్టల్ మెస్ బిల్లు పంపింది. తెరిచాను. "ఇమేజ్" అన్నాడు గొణుగుడాయన.

వెంటనే ఫోన్ చేశాను. "ఏమే, అప్పుడే మర్చిపోయినవా? ఫోటో కాదు, ఎక్సెల్ పంపు."

"అబ్బా అమ్మా, ఒక్కటే లైను ఉంది, చదువుతా విను. నాలుగు వేల..."

"చదవొద్దు, పంపు" అన్నాను.

పంపింది. విన్నాను. ఒక్క లైను కాదు, ఆరున్నాయి. ఆరో లైనులో 'ఎక్స్‌ట్రా సమోసా' అని రెండు వందల నలభై. దాని గురించి ఇంకా అడగలేదు. దసరా సెలవులకి రానీ, అప్పుడడుగుతాను.